మట్టి చేసే పని మనిషి చేస్తే

బజారులో కొన్న తోటకూర కట్ట వేళ్లకు ఎప్పుడూ మట్టి పట్టే ఉంటుంది. ఎంత కడిగినా సన్నవేళ్ల సందుల్లో ఇసుక మిగులుతుంది. కాబట్టి వేరు అసలు రంగేమిటో వండేవాళ్లూ పట్టించుకోరు, తినేవాళ్లూ పట్టించుకోరు. మట్టి లేకుండా నీళ్లలో ఆకుకూరలు పెంచేవాళ్లు మాత్రం పొద్దున్నే మొదట చూసేది వేరునే. గొట్టానికి వేసిన రంధ్రంలోంచి చిన్న జాలీ కప్పును రెండు వేళ్లతో పైకెత్తి, కింద వేలాడే కుచ్చును వెలుతురుకేసి పెట్టి చూస్తారు. అది తెల్లగా, మీగడ రంగులో, తేటగా ఉంటే కప్పును మళ్లీ దించేస్తారు. గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే జిగురుగా జారి, మురుగు వాసన వేస్తే ఆ వరస మొత్తానికీ ముప్పు వచ్చినట్టే. అప్పటికి పైన ఆకు ఇంకా పచ్చగా నవనవలాడుతూనే ఉంటుంది. కొత్తగా దిగినవాళ్లు ఆకును చూసి మురిసిపోయేదీ, పాతవాళ్లు వేరును చూసి కంగారుపడేదీ అప్పుడే.

నేలలో ఆకుకూర పండించడం మేలా, నీళ్లలో పండించడం మేలా అన్న వాదన ఈమధ్య మిద్దెతోటల వాళ్ల దగ్గరా, పాలీహౌస్ పెట్టాలనుకునే కుర్రవాళ్ల దగ్గరా తరచుగా వినిపిస్తోంది. దిగుబడి, లాభం, ఆరోగ్యం చుట్టూనే ఆ వాదన తిరుగుతుంది. రెంటినీ చేతిపనులుగా పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు తక్కువ. అలా చూస్తే నాకు కనిపించేది ఒకటే. హైడ్రోపోనిక్స్‌లో అంటే ఈ నీటి సాగులో, రైతు రోజూ చేసే పనుల్లో చాలాభాగం, మామూలు మడిలో మట్టి ఎవరూ అడగకుండానే చేసిపెట్టే పనులు. ఆ చాకిరీని మట్టి దగ్గర నుంచి తీసుకుని తన చేతుల్లో పెట్టుకున్నాడు కాబట్టే ఈ రైతు పనితనం మెచ్చుకోదగ్గది. మట్టి ఎంత పని చేస్తోందో మనకు తెలిసివచ్చేది కూడా అతన్ని చూశాకే.

మొక్క పెరగడానికి మట్టి లేకపోయినా ఫర్వాలేదన్న సంగతి కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ 1699లో ప్రచురించిన ప్రయోగంలో పుదీనా జాతి మొక్కలను వాననీటిలో, థేమ్స్ నది నీటిలో, హైడ్ పార్కు కాలువ నీటిలో, అదే కాలువ నీటిలో తోటమట్టి కలిపి పెంచి తూచాడు. నీళ్లలో మట్టిసారం పెరిగేకొద్దీ మొక్క ఏపుగా ఎదిగింది. ఒట్టి నీటితో మొక్క పెరగదని, నీటిలో కరిగినదేదో దానికి కావాలని అలా తెలిసింది. ఆ కరిగినదేమిటో తేలడానికి నూట అరవై ఏళ్లు పట్టింది. 1860 ప్రాంతంలో జర్మనీలో యూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ క్నాప్ కొన్ని లవణాలు కరిగించిన నీటిలో మొక్కలను పెంచి చూపించారు. ప్రయోగశాలలో ఉన్న ఆ విద్యను పంటగా మార్చవచ్చని 1929లో చాటినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరికె. ఆయన తొట్టెల్లో టమాటా తీగలు ఇరవై అయిదు అడుగులు పాకాయని పత్రికలు హోరెత్తించాయి.

ఆ హోరు ఎంతవరకు నిజమో తేల్చే పని అదే విశ్వవిద్యాలయంలోని డెనిస్ హోగ్లండ్, డేనియల్ ఆర్నన్‌ల మీద పడింది. 1938లో వాళ్లు అచ్చువేసిన చిన్న పుస్తకం ఈనాటికీ ఈ రంగంలో పెద్ద బాలశిక్ష. నీళ్లలో ఏ లవణం ఎంత కలపాలో అందులో వాళ్లు ఇచ్చిన సూత్రాన్ని ‘హోగ్లండ్ ద్రావణం’ అని ప్రపంచమంతా వాడుతోంది. అదే పుస్తకంలో వాళ్లు ఇంకో మాట కూడా రాశారు. నేల మంచిదై, వెలుతురూ వాతావరణమూ ఒకేలా ఉంటే మట్టి పంటకూ నీటి పంటకూ దిగుబడిలో చెప్పుకోదగ్గ తేడా లేదని. ద్రావణం పేరు అందరి నోటా ఉంది, ఈ తీర్పును మాత్రం పరికరాలు అమ్మేవాళ్లెవరూ ఎత్తరు.

ఆ సూత్రంలోని అంకెలు ఒకసారి చూడండి. వెయ్యి లీటర్ల నీటికి నత్రజని 210 గ్రాములు, పొటాషియం 235, కాల్షియం 200. ఇక్కడిదాకా మన తరాజుకు అందే లెక్కే. రాగి మాత్రం 20 మిల్లీగ్రాములు, మాలిబ్డినం 10 మిల్లీగ్రాములు. వెయ్యి లీటర్ల తొట్టిలో చిటికెలో చిటికెడు కూడా కాదు. ఆ కాస్త మాలిబ్డినం లేకపోతే మొక్క తీసుకున్న నైట్రేట్‌ను వాడుకోలేదు. మాలిబ్డినం మొక్కకు తప్పనిసరి అని ఆర్నన్, అతని సహపరిశోధకుడు స్టౌట్ 1939లో రుజువు చేసింది కూడా నీటి సాగులోనే, ఎందుకంటే మట్టిలో అది ఎప్పుడూ ఎంతో కొంత ఉండనే ఉంటుంది, లేకుండా చేసి చూడటం కుదరదు. ఆకుకూరల రైతు జీవితమంతా మాలిబ్డినం పేరు వినకుండా గడిపేయగలిగాడంటే అది నేల పుణ్యం.

నేల చేసే మిగతా పనులూ అలాంటివే. బంకమట్టి రేణువుల మీదా, కుళ్లిన ఎరువు మీదా రుణావేశం ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం అక్కడ అతుక్కుని, వేరు అడిగినప్పుడల్లా కొంచెం కొంచెంగా విడుదలవుతాయి. ఒకపూట ఎరువు ఎక్కువ పడినా, ఒకరోజు తడి తప్పినా మట్టి సర్దుకుంటుంది. రైతు బస్తాలోంచి యూరియా చల్లి ఇంటికి వెళ్లిపోతాడు. దాన్ని ముందు అమ్మోనియాగా, ఆ తర్వాత నైట్రేట్‌గా మార్చే పని నేలలోని సూక్ష్మజీవులది. నీటి తొట్టిలో ఆ కూలీలు లేరు. కాబట్టి ఊళ్లో అందరికీ అందుబాటులో ఉన్న యూరియా అక్కడ దాదాపు పనికిరాదు. నైట్రేట్ రూపంలోనే కొని కలపాలి. కాల్షియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ ధర ఎంతో కొన్నవాళ్లనడిగితే చెబుతారు.

కలపడంలోనే సగం విద్య ఉంది. నీటి సాగు చేసే ఏ షెడ్డులోకి వెళ్లినా ‘ఏ’ అనీ ‘బి’ అనీ రాసిన రెండు డ్రమ్ములు కనిపిస్తాయి. ఒకదానిలో కాల్షియం నైట్రేట్, ఇనుము. రెండోదానిలో ఫాస్ఫేట్లు, సల్ఫేట్లు, సూక్ష్మపోషకాలు. రెండు డ్రమ్ముల చిక్కటి ద్రావణాలను నేరుగా కలిపితే పాలలో నిమ్మరసం పిండినట్టు విరిగిపోతాయి. కాల్షియం సల్ఫేట్‌తో చేరి జిప్సంగా, ఫాస్ఫేట్‌తో చేరి తెల్లటి మడ్డిగా అడుగున దిగుతుంది. అడుగున దిగినది వేరుకు అందదు. అందుకని పెద్ద తొట్టి నిండా ముందు నీళ్లు నింపి, ‘ఏ’ పోసి బాగా కలియబెట్టి, ఆ తర్వాతే ‘బి’ పోస్తారు. పలచబడ్డాక రెండూ తగువు పడవు. చేయి తిరిగినవాళ్లు ‘ఏ’ కొలిచిన మగ్గును ‘బి’ డ్రమ్ములో ముంచరు. రెండు మగ్గులకు రెండు రంగులు పెట్టుకుంటారు.

ఇనుము కథ మరీ ముచ్చటైనది. మన రైతులకు అన్నభేది తెలుసు. ఆకు ఈనెల మధ్య పసుపుబారితే అన్నభేదిలో నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేస్తారు. ఆ అన్నభేదినే తొట్టిలో కలిపితే కాసేపటికి తుప్పు రంగు బురదై కూర్చుంటుంది. అందుకు ఇనుమును ఈడీటీఏ, డీటీపీఏ లాంటి సేంద్రియ అణువుల కౌగిట్లో బంధించి అమ్ముతారు. ఆ పొడిని కలిపితే ఇనుము విడిపోకుండా నీళ్లలో కరిగే ఉండి వేరు దాకా వెళుతుంది. నీటి పీహెచ్ ఆరున్నర దాటితే ఈడీటీఏ పట్టు సడలుతుంది. లేత ఆకులు పసుపెక్కితే అనుభవం ఉన్నవాడు ఇనుము డబ్బా దగ్గరికి పరుగెత్తడు, ముందు పీహెచ్ మీటరు ముంచుతాడు.

పీహెచ్ అయిదున్నరకూ ఆరున్నరకూ మధ్య ఉండాలి. అది ఒకసారి సరిచేసి వదిలేసేది కాదు. మొక్క నైట్రేట్‌ను లోపలికి లాక్కున్నప్పుడల్లా వేరు చుట్టూ నీరు క్షారం వైపు జరుగుతుంది. అమ్మోనియం తీసుకుంటే ఆమ్లం వైపు. అంటే మొక్క ఏం తింటోందో పీహెచ్ నడకను బట్టి పోల్చుకోవచ్చు. బాగా పెరుగుతున్న పాలకూర తొట్టిలో పీహెచ్ రోజూ కొంచెం పైకి పాకుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లమో నైట్రిక్ ఆమ్లమో కొలిచి, పలచన చేసి, కొద్దికొద్దిగా పోసి కిందకి దించుతారు. పాకడం ఆగిపోతే మొక్క తినడం ఆపిందని అర్థం. అప్పుడు మళ్లీ జాలీ కప్పు పైకెత్తి వేరు చూడాలి.

ఈసీ మీటరుది ఇంకో తరహా. నీటిలో కరిగిన ఉప్పు మొత్తం ఎంతుందో అది చెబుతుంది. లెట్యూస్‌కు 1.2 నుంచి 1.8 మిల్లీసీమెన్స్ దాకా బాగుంటుంది. కానీ ఏ ఉప్పు ఎంతుందో ఆ మీటరుకు తెలియదు. మొక్క నైట్రేట్‌ను తినేసి, సోడియాన్ని వదిలేస్తూ పోతే అంకె మారకుండానే తొట్టి నిస్సారమవుతుంది. సబ్బు నురగ రాని బోరు నీళ్లు వాడే చోట ఈ ప్రమాదం ఎక్కువ. తెలంగాణలో, రాయలసీమలో బోర్లు చాలావరకు అలాంటివే. ఆ నీళ్లలోని బైకార్బనేట్లు పీహెచ్‌ను పైకి తోస్తూనే ఉంటాయి కాబట్టి ఆమ్లం ఖర్చు కూడా పెరుగుతుంది. ఆర్వో యంత్రం పెట్టి నీటిని శుద్ధి చేసుకునేవాళ్లున్నారు. ఆ యంత్రం బయటికి వదిలేసే ఉప్పునీటిని, కొన్ని వారాలకోసారి పారబోసే పాత ద్రావణాన్ని ‘తొంభై శాతం నీటి ఆదా’ అని చెప్పేటప్పుడు ఎవరూ కూడికలో వేయరు.

ఇక గొట్టాల సంగతి. పలచటి నీటిపొర వేళ్ల కింద ఎప్పుడూ పారుతూ ఉండే పద్ధతిని ఇంగ్లండులోని లిటిల్‌హాంప్టన్ పరిశోధన సంస్థలో పనిచేసిన అలెన్ కూపర్ రూపొందించాడు. 1979లో దాని మీద పుస్తకం కూడా రాశాడు. చూడటానికి ఇంత తేలికైనది ఉండదనిపిస్తుంది. వాలు పెట్టిన గొట్టం, పై కొసన నీళ్లు, కింది కొసన తొట్టి, మధ్యలో మోటారు. పనితనమంతా ఆ వాలులోనే ఉంది. యాభై అడుగులకు అడుగు, బాగా తక్కువంటే వంద అడుగులకు అడుగు. అంతకంటే తగ్గితే నీరు నిలుస్తుంది. పొర కొన్ని మిల్లీమీటర్లే ఉండాలి, ఎందుకంటే వేళ్ల పైభాగం గాలిలో ఉండాలి, కింది భాగం మాత్రం తడవాలి. వేరుకు నీళ్లతోపాటు ఊపిరి కూడా కావాలన్నది ఈ పద్ధతికి ఆయువుపట్టు. గొట్టం పది పదిహేను మీటర్లు దాటితే కింది కొసన ఉన్న మొక్కలకు పైవాళ్లు పీల్చుకోగా మిగిలిన నీళ్లే దక్కుతాయి. మన ఎండలకు ప్లాస్టిక్ మెత్తబడి రెండు స్టాండ్ల మధ్య గొట్టం కొద్దిగా కిందికి వంగుతుంది. ఆ వంపులో నీరు గుంట కడుతుంది, గుంటలోని వేరు కుళ్లుతుంది. అనుభవజ్ఞులు స్టాండ్లను దగ్గర దగ్గరగా వేసి, ఏటా ఎండాకాలం ముందు లెవెల్ గొట్టంతో వాలు మళ్లీ చూసుకుంటారు. తాపీమేస్త్రీ వాడే పనిముట్టు ఆకుకూరల తోటలో కనిపించేది ఇక్కడే.

ఎండాకాలమే ఈ విద్యకు అసలు పరీక్ష. ఇరవై డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. ముప్పై డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. అదే వేడికి వేరు ఊపిరి అవసరం పెరుగుతుంది, పైగా పిథియం అనే వేరుకుళ్లు తెగులుకు ఆ వెచ్చటి నీళ్లంటే ప్రాణం. తొట్టిని నేలలో పాతిపెట్టడం, పైన తెల్ల రంగు వేయడం, నీటిని చల్లబరిచే యంత్రం పెట్టడం, అన్నీ నీటి వేడిని రెండు మూడు డిగ్రీలు తగ్గించడం కోసమే. ఇక మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే సన్నటి నీటిపొర పారడం ఆగిపోతుంది. కొద్దిసేపట్లోనే వేళ్లు ఎండడం మొదలవుతుంది. నేల మడిలో ఒక పూట తడి ఆలస్యమైతే ఆకు కాస్త వాలుతుందంతే, సాయంత్రం నీళ్లు కడితే లేచి నిలబడుతుంది. ఇన్వర్టరో జనరేటరో లేకుండా గొట్టాల సాగు మొదలుపెట్టవద్దని చెప్పేది అందుకే.

లెట్యూస్ రైతులు ఎదుర్కొనే ఒక చిక్కును, దాన్ని విప్పిన తీరును ఇక్కడ చెప్పకుండా ఉండలేను. మొక్క గుండె దగ్గర ముడుచుకుని ఉన్న లేత ఆకుల అంచులు మాడిపోతాయి. అది కాల్షియం లోపం. తొట్టిలో చూస్తే కాల్షియం పుష్కలంగా ఉంటుంది. ఇంకా కలిపితే లాభం లేదు. ఆకు నుంచి నీరు ఆవిరయ్యే దారినే కాల్షియం పైకి వెళుతుంది. మూసుకుని ఉన్న లోపలి ఆకుల్లో ఆవిరవ్వడమే జరగదు కాబట్టి అక్కడికి కాల్షియం చేరదు. మొక్కల నడినెత్తికి గాలి తగిలేలా ఫ్యాను తిప్పడమే మందు. పోషక లోపానికి ఫ్యాను వైద్యం అని మొదట పట్టుకున్నవాళ్ల చూపును మెచ్చుకోవాల్సిందే.

ఇంత చెప్పాక నేల మీద కూర పండించేవాళ్ల పనితనం చిన్నదనుకుంటే పొరపాటు. తోటకూర గింజ ఆవగింజకన్నా సన్నం. ఒట్టి చేత్తో చల్లితే ఒకచోట కుప్పపడుతుంది. అందుకే సన్న ఇసుక కలిపి, మడి మీద అటొకసారి ఇటొకసారి చల్లుతారు. ధనియాలను చెప్పుకింద మెల్లగా నలిపి రెండు బద్దలుగా చీల్చి విత్తుతారు, గింజ నుజ్జు కాకూడదు. మొదటి తడి జోరుగా పారితే విత్తనమంతా మడి ఆ చివరకి కొట్టుకుపోతుంది. మట్టిని పిడికిట్లో నొక్కి, వదిలితే ముద్ద ఎలా విరుగుతుందో చూసి తడి అవసరమో కాదో చెబుతారు. ఏ మీటరూ అక్కర్లేదు. కోతలో మరీ నేర్పు. మడి మొత్తం ఒకేసారి పీకరు. ఒత్తుగా ఉన్నచోట పెద్దవి ఏరి కట్ట కడితే, మిగిలినవాటికి చోటు దొరికి నాలుగు రోజుల్లో అవీ అందివస్తాయి. కలుపుతీతా కోతా ఒకే చేతి కదలికలో అయిపోతాయి. ఇదంతా చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. వ్యవసాయ వ్యాసాల్లో వాళ్ల ఊసు ఉండదు.

మరి లెక్కలో ఎవరిది పైచేయి? అమెరికాలో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు యూమా ప్రాంతపు లెట్యూస్ మీద 2015లో ఒక అంచనా ప్రచురించారు. చదరపు మీటరుకు ఏడాదికి నీటి సాగులో 41 కిలోలు, నేలలో 3.9 కిలోలు. కిలోకు పట్టే నీరు నీటి సాగులో 20 లీటర్లు, నేలలో 250 లీటర్లు. ఇక్కడిదాకా చదివి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. కిలోకు పట్టే శక్తి నేలలో 1,100 కిలోజౌళ్లు, నీటి సాగులో 90,000. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే కిలో లెట్యూస్‌కు 25 యూనిట్లు. అందులో పెద్ద వాటా గ్రీన్‌హౌస్‌ను చల్లబరచడానికీ వెచ్చబెట్టడానికీ పోయేదే. హోగ్లండ్ చెప్పినదానికీ ఈ పది రెట్ల దిగుబడికీ పొంతన లేదనిపించవచ్చు. ఆయన ఒకే వాతావరణంలో, ఒకే వెలుతురులో పోల్చాడు. ఇక్కడ ఒకవైపు ఏడాది పొడవునా పంట తీసే మూసిన గది, మరోవైపు ఆరుబయట పొలం. పది రెట్లలో చాలాభాగం గదిది, నీటిది కాదు. కృత్రిమ దీపాల కింద అంతస్తులుగా ఆకుకూరలు పెంచిన అమెరికా కంపెనీ ఏరోఫార్మ్స్ 2023లో దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. సూర్యుడు ఉచితంగా ఇచ్చేదాన్ని కరెంటుతో కొనడం ఎంత భారమో దాన్ని బట్టి తెలుస్తుంది.

ఆరోగ్యం మాటకొస్తే, మట్టి తగలనంత మాత్రాన ఆకు అమృతం కాదు. వెలుతురు తక్కువై, తొట్టిలో నత్రజని ఎక్కువైతే ఆకులో నైట్రేట్ పోగవుతుంది. పేనుబంకకూ తామర పురుగుకూ మట్టితో పనిలేదు, అవి పాలీహౌస్‌లోకీ వస్తాయి. అయితే ఒక విషయంలో నీటి సాగుకు నేను నిస్సంకోచంగా ఓటు వేస్తాను. మూసీ దిగువన నగరం వదిలిన మురుగునీటితో ఆకుకూరలు పండుతున్న సంగతి హైదరాబాదులో అందరికీ తెలిసిందే. అలాంటి నీటితో పండిన కట్టతో పోలిస్తే, ఏం కలిపారో గ్రాముల్లో రాసిపెట్టిన తొట్టి నుంచి వచ్చిన కట్ట ఎప్పుడూ నయం. అక్కడ తప్పు మట్టిది కాదు, మట్టికి పోసిన నీళ్లది.

ఏ కూర ఎక్కడ అన్న దాని మీద నా అభిప్రాయం ఇది. లెట్యూస్ లాంటి హోటళ్ల ఆకులు మన వేడికి నేలలో నిలవవు. వాటికి నీటి సాగు సరైన చోటు. పాలకూర, పుదీనా శీతాకాలంలో షేడ్‌నెట్ కింద నీళ్లలో హాయిగా వస్తాయి. తోటకూర, గోంగూర మాత్రం ఈ ఎండకూ ఈ నేలకూ పుట్టిన మొక్కలు. నెల తిరక్కుండా చేతికొచ్చే తోటకూరకు, చౌకగా అమ్ముడుపోయే కట్టకు మోటార్లూ మీటర్లూ పెట్టడం దండగ. నిలువునా ఎదిగి వేరు లోతుకు దింపే గోంగూరను గొట్టంలో ఇరికించడం చూస్తే నాకు జాలేస్తుంది.

ఈ విద్య చేతికి తగలాలనుకునే పాఠకులకు ఒక మాట. వేలకు వేలు పోసి గొట్టాల సెట్టు కొనకండి. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ మోటారు అక్కర్లేని పద్ధతి చూపించాడు. నాలుగు లీటర్ల మూత డబ్బా, వెలుతురు లోపలికి పోకుండా పైన రంగు, మూతకు ఒక రంధ్రం, అందులో కోకోపీట్‌లో మొలిచిన లెట్యూస్ నారు, లోపల పోషక ద్రావణం. కప్పు అడుగు నీటికి తగిలేలా పెట్టి వదిలేయడమే. మొక్క తాగేకొద్దీ నీరు కిందికి దిగుతుంది, పైన ఏర్పడిన ఖాళీలో వేళ్లు గాలి పీలుస్తాయి. కోత దాకా మళ్లీ నీళ్లు పోయనక్కర్లేదు. దోమలు దూరకుండా రంధ్రం చుట్టూ సందు మూసేయండి. నవంబరులో మొదలుపెట్టండి, మేలో కాదు. పక్కనే ఒక కుండీలో మట్టి, ఎరువు వేసి అదే నారు ఇంకొకటి నాటండి. రెండింటినీ ఒకే రోజు కోసి తూచి చూడండి.